నూటికి తొంభై ఏడు, దేంట్లో?

ప్రొటీన్లను శుద్ధి చేసే ఉద్యోగంలో చేరదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు సలహా కోసం మా ఇంటికి వస్తుంటారు. వాళ్లు నాకు తెలియని యంత్రాల పేర్లు నాలుగు చెబుతారు. నేను మాత్రం, చలికి ఓర్చుకోగలరా అని అడుగుతాను. ఆ ప్రశ్న కాలేజీలో ఎవరూ అడగరు కాబట్టి వాళ్లు కాస్త నిరాశపడతారు. నా ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో సగం, ప్రొటీన్లు చెడిపోకుండా ఉంచే నాలుగు డిగ్రీల గదిలో గడిచింది. మే నెలలో దబీర్‌పురా స్టేషన్‌లో దిగిన జనం తలకు తడి తువ్వాలు చుట్టుకుని పోతుంటే, నేను చంకలో స్వెటర్ పెట్టుకుని డ్యూటీకి పోయేదాన్ని. మా వీధిలో చాలామందికి నేను కాస్త తేడా మనిషిని.

రెండో ప్రశ్న కూడా ఒకటి అడుగుతాను. మీరు కష్టపడి తెచ్చిన అంకె ఎవరికీ నచ్చకపోతే ఏం చేస్తారు అని. దానికి ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. వాళ్ల వయసులో నేనూ చెప్పలేదు. పైగా తప్పు జవాబు చెప్పాను. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

మేము చేసిన పని

మా కంపెనీ స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో ఒక పాత రెండంతస్తుల ఇంట్లో ఉండేది. యజమాని కిషన్ సేఠ్. వాళ్లది ఉస్మాన్‌గంజ్‌లో మూడు తరాల ఎండుమిర్చి టోకు వ్యాపారం. ఒక పెళ్లి విందులో పక్కన కూర్చున్న డాక్టర్ ఎవరో మందుల తయారీలో మంచి పేరుందని చెబితే, ఆయన భోజనం ముగిసేలోపు నిర్ణయం తీసుకున్నాడట. ఆ విందు లేకపోతే నేను ఏ బడిలోనో టీచర్‌నై ఉండేదాన్ని.

కంటి ఆపరేషన్‌కు ముందు కంటి చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మత్తు ఒకేచోట నిలిచిపోకుండా త్వరగా చుట్టూ పాకడానికి అందులో ఒక ఎంజైమ్ కొంచెం కలుపుతారు. పేరు హైలురోనిడేజ్. ఎంజైమ్ అంటే పనిచేసే ప్రొటీన్. మేము దాన్ని పొట్టేళ్ల వృషణాల నుంచి తీసేవాళ్లం. కబేళా వాళ్లు వాటిని కపూరే అంటారు.

మా నాన్నకు దబీర్‌పురాలోనే ఆరు బర్రెలు ఉండేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాలు పిండుతూ అడిగాడు.

"ఏం తయారు జేస్తరు బిడ్డా ఆడ?"

"కంటి మందు, బాపు."

"దేంతోని జేస్తరు?"

"గొర్రెపోతు నుంచి తీస్తం."

"గొర్రెపోతుల దేంట్లకెంచి?"

అక్కడ నేను మాట మార్చేశాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకైతే మందుల కంపెనీ అని మాత్రమే చెప్పాం. మా ఆయనకు అసలు సంగతి పెళ్లయిన మూడో నెలలో తెలిసింది. పాపం, ఏమీ అనలేదు. కొన్నాళ్లు మటన్ తినడం మానేశాడు.

కపూరేలను రుబ్బి, కాస్త ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి వడగడితే పలచటి టీ రంగు రసం వస్తుంది. అందులో మనకు కావలసిన ఎంజైమ్ చిటికెడు, అక్కర్లేని ప్రొటీన్లు గంపెడు. ఆ రసాన్ని మనిషి ఛాతీ ఎత్తున ఉన్న గాజు గొట్టంలో పోస్తాం. దాన్ని కాలమ్ అంటాం. అందులో నింపిన తెల్లని రెసిన్, అంటే సన్నని పూసల పొడి, కొన్ని ప్రొటీన్లను పట్టుకుంటుంది, కొన్నింటిని వదిలేస్తుంది. తర్వాత ఉప్పునీళ్ల గాఢత కొద్దికొద్దిగా పెంచుతూ పోస్తే, పట్టుబడ్డవి ఒకదాని తర్వాత ఒకటి జారి కింద వరసగా పెట్టిన ట్యూబుల్లో పడతాయి. ఏ ట్యూబు ఉంచుకోవాలి, ఏది పారబోయాలి అన్నదే మా ఉద్యోగం. మిగిలినదంతా గాజుసామాను కడగడం.

రహీమ్ సాబ్ నేర్పిన లెక్క

నాకు పని నేర్పింది రహీమ్ సాబ్. శుద్ధి విభాగానికి ఆయనే పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కాతో ఉండేవాడు. చలిగదిలోకి కూడా స్వెటర్ లేకుండా వచ్చేవాడు. అది గొప్ప కోసమని నా అనుమానం. పెదాలు నీలంగా మారేవి.

మొదటి వారం నేను కాలమ్ నుంచి వచ్చిన మంచి ట్యూబుల్లో ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో యూనిట్లలో కొలిచి అంకె పట్టుకుపోయాను. ఆయన కాగితం చూడలేదు.

"ఎంత పోసినవ్ బేటీ?"

"వెయ్యి యూనిట్లు, సాబ్."

"ఎంత వచ్చింది?"

"ఏడువందలు."

"మిగిలిన మూడువందలు ఏడికి పోయినయ్?"

నాకు తెలియదు. దిగుబడి నూటికి డెబ్భై అని రాసుకొచ్చాను, ఆ పైన ఆలోచించలేదు. ఆయన నన్ను వెనక్కి పంపాడు. కాలమ్ పట్టుకోకుండా వదిలేసిన నీళ్లు కొలిస్తే అందులో నూట ఎనభై. పారబోయడానికి పక్కన పెట్టిన ట్యూబుల్లో తొంభై. మిగిలిన ముప్పై కాలమ్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు, నా కొలతలో పొరపాటైనా కావచ్చు. మూడు గంటలు పట్టింది.

"గిప్పుడు ఇది లెక్క," అన్నాడు రహీమ్ సాబ్. "వచ్చింది అందరు కొలుస్తరు. పోయింది కొలిచెటోడే మనిషి."

దిగుబడి అంటే అదే, పోసిన ఎంజైమ్‌లో ఎంత తిరిగి దక్కింది. స్వచ్ఛత అంటే దక్కిన ప్రొటీన్ మొత్తంలో మన ఎంజైమ్ వాటా ఎంత. దాన్ని పసిగట్టడానికి మిల్లీగ్రాము ప్రొటీన్‌కు ఎన్ని యూనిట్లు ఉన్నాయో చూస్తాం. పోసేటప్పుడు పది ఉండి, బయటికి వచ్చాక రెండువందలైతే, ఇరవై రెట్లు శుద్ధి అయినట్టు. ఐదో తరగతి పిల్లవాడికి వచ్చే భాగహారమే. భాగహారం ఎప్పుడూ ఎవరినీ చెడగొట్టలేదు. గీత పైన ఏ అంకె పెట్టామో, గీత కింద ఏది పెట్టామో, అక్కడే మేమంతా చెడ్డాం.

దిగుబడి, స్వచ్ఛత ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని తోడికోడళ్లు. ఎక్కువ ట్యూబులు ఉంచుకుంటే దిగుబడి పెరుగుతుంది, చెత్త కూడా వెంట వస్తుంది. నడిమి ట్యూబులే ఉంచుకుంటే సరుకు స్వచ్ఛంగా ఉంటుంది, సగం మోరీలో పోతుంది. ఈ సంగతి నేను కిషన్ సేఠ్‌కు చాలాసార్లు వివరించాను. ఆయన శ్రద్ధగా వినేవాడు.

"సమజ్ అయింది పద్మా. నాకు రెండూ కావాలె," అనేవాడు.

నూటా ముప్పై

నేను చేరిన రెండో ఏడు ఒక బ్యాచ్‌లో దిగుబడి నూటికి నూటా ముప్పై వచ్చింది. అంటే వెయ్యి యూనిట్లు పోస్తే పదమూడువందలు వచ్చాయి. నాకు భయం వేసింది. కిషన్ సేఠ్‌కు మాత్రం ఆనందం కలిగింది. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాను ఎంత జాగ్రత్తగా తూచినా రెండో తూకానికి తగ్గుతుందే తప్ప పెరగదు. ఇక్కడ పెరిగింది. ఇది సైన్స్ మహిమ అని ఆయనకు అప్పుడు నమ్మకం కుదిరింది. మధ్యాహ్నానికి రెండు కిలోల జిలేబీ వచ్చింది.

రహీమ్ సాబ్ జిలేబీ తింటూ నాతో అన్నాడు. "తిను బేటీ, తిను. రేపు వాపస్ అడుగుతరు."

ఇలా జరగడానికి నిజమైన కారణం ఒకటి ఉండవచ్చు. ముడి రసంలో ఎంజైమ్‌ను అణచిపెట్టే పదార్థాలు ఉంటాయి. కాలమ్‌లో అవి విడిపోతే ఎంజైమ్‌కు ఊపిరి ఆడినట్టవుతుంది, యూనిట్లు పెరిగినట్టు కనిపిస్తాయి. నేను ఆ కారణాన్నే పట్టుకున్నాను. గౌరవంగా ఉంది, నా తప్పు లేదు. రహీమ్ సాబ్ ఒప్పుకోలేదు. "గట్ల అయి ఉండొచ్చు. అయితే అన్ని బ్యాచుల్ల ఎందుకు గాలే?" అన్నాడు.

నాలుగు రోజులు వెతికాం. చివరికి దొరికింది ఉప్పు. ఈ ఎంజైమ్ ఉప్పు ఉన్నచోట చురుగ్గా పనిచేస్తుంది. కాలమ్ నుంచి దిగిన ట్యూబుల్లో ఉప్పునీళ్లు ఉంటాయి. ముడి రసంలో అంత ఉప్పు లేదు. మామూలుగా పరీక్షకు ముందు రెంటికీ సమంగా ఉప్పు కలిపేవాళ్లం. ఆ బ్యాచ్‌లో నేను ఆ మెట్టు మరిచిపోయాను. పోసినదాన్ని నీరసంగా ఉన్నప్పుడు కొలిచి, వచ్చినదాన్ని హుషారుగా ఉన్నప్పుడు కొలిచాను. సమంగా ఉప్పు వేసి మళ్లీ చేస్తే అరవై ఎనిమిది వచ్చింది.

సేఠ్‌కు ఆ కాగితం చూపించడానికి పైకి వెళ్లాం. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"నూటా ముప్పై ఉండె గదా. మీరు నాలుగు రోజులు పనిచేసి అరవై ఎనిమిది చేసిన్రు," అన్నాడు.

ఆయన పూర్తిగా అమాయకంగా అన్నాడు. వెక్కిరింపు లేదు. ఆ రోజు నాకు అర్థమైంది, అంకె ఒకసారి నోట్లోంచి బయటికి పోతే అది మన సొంతం కాదని. ఆయన ఆ నూటా ముప్పైని అప్పటికే ముగ్గురికి చెప్పుకున్నాడు.

కత్తెర

ఇప్పుడు నా తప్పు. ఉప్పు మరిచిపోవడం పొరపాటు మాత్రమే. ఇది వేరు.

బ్యాచ్ పూర్తయ్యాక స్వచ్ఛతను ఇంకో చిన్న కాలమ్ మీద పరీక్షించేవాళ్లం. కాలమ్ నుంచి ప్రొటీన్ దిగుతున్న కొద్దీ ఒక పెన్ను కదిలే కాగితం మీద కొండలు గీస్తుంది. వాటిని పీకులు అంటాం. పెద్ద కొండ మన ఎంజైమ్, చిన్న చిన్న గుట్టలు మలినాలు. కొండ వైశాల్యం ఎంతో తెలిస్తే వాటా తెలుస్తుంది. ఇవాళ కంప్యూటర్ ఒక్క క్షణంలో లెక్కేస్తుంది. మా దగ్గర కంప్యూటర్ లేదు. ఆ కొండలను కత్తెరతో కాగితం నుంచి కత్తిరించి, సన్నని త్రాసు మీద తూచేవాళ్లం. పెద్ద కొండ బరువును అన్ని కొండల మొత్తం బరువుతో భాగిస్తే స్వచ్ఛత. నవ్వకండి, చాలా చోట్ల అలాగే చేసేవారు. లెక్క బాగానే వచ్చేది, కత్తెర పట్టిన చెయ్యి బాగుంటే.

ఆ ఏడాది సేఠ్ కొత్త నియమం పెట్టాడు. దిగుబడి డెబ్భైకి తగ్గకూడదు, స్వచ్ఛత తొంభై ఐదుకు తగ్గకూడదు. డెబ్భై రావడానికి నేను అటూ ఇటూ రెండేసి ట్యూబులు ఎక్కువ ఉంచుకున్నాను. పరీక్ష చేస్తే పెద్ద కొండ పక్కన, దానికి అంటుకుని, ఒక మెత్తని ఉబ్బు కనిపించింది. ఇలాంటిదాన్ని మేము భుజం అంటాం. విడిగా నిలబడేంత పెద్దది కాదు, కనబడకుండా పోయేంత చిన్నది కాదు.

భుజం దగ్గర కత్తెర ఎక్కడ దించాలి? కొండకూ భుజానికీ నడుమనున్న లోయలో దించితే భుజం మలినం లెక్కలోకి పోతుంది. అప్పుడు స్వచ్ఛత ఎనభై తొమ్మిది. భుజం బయటి అంచు వెంబడి దించితే అదీ పెద్ద కొండలో భాగమే. అప్పుడు తొంభై ఏడు. నేను రెండు విధాలా కాగితం మీద పెన్సిల్‌తో గీసి చూశాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ గదిలో లేరు కూడా. బయటి అంచు వెంబడి కత్తిరించాను. భుజం కూడా బహుశా మన ఎంజైమే అయి ఉంటుంది, కాస్త వేరే రూపంలో, అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కావచ్చని ఇప్పటికీ అనగలను. కానీ తెలుసుకోవడానికి ఒక్క పూట చాలు. భుజం దగ్గరి ట్యూబును విడిగా పరీక్షిస్తే సరిపోయేది. నేను పరీక్షించలేదు. ఏం తెలుస్తుందో నాకు ముందే అనుమానం ఉంది కాబట్టి.

రహీమ్ సాబ్ ఆ రోజు తొందరలో ఉన్నాడు. తొంభై ఏడు చూసి సంతకం పెట్టాడు.

డాక్టరమ్మ ప్రశ్న

రెండు నెలల తర్వాత డాక్టర్ నఫీసా వచ్చింది. పాతబస్తీలోనే ఒక చిన్న కంటి ఆసుపత్రి నడిపే మనిషి. ఫోన్ చేయలేదు, ఉత్తరం రాయలేదు. మా సీసాలు నాలుగు టిఫిన్ డబ్బాలో మంచుముక్కల మధ్య పెట్టుకుని నేరుగా వచ్చి రహీమ్ సాబ్ బల్ల మీద పెట్టింది.

"గీ బ్యాచ్ వాడినంక ఐదుగురికి కండ్లు వాచినయ్," అంది. "ఆపరేషన్ ఆపాల్సొచ్చింది. వేరే బ్యాచ్ వాడితే ఏం కాలేదు. ఏముంది ఇందుల?"

రహీమ్ సాబ్ ఫైల్ తెప్పించాడు. "స్వచ్ఛత తొంభై ఏడు, డాక్టర్ సాబా," అన్నాడు.

ఆమె ఫైల్ వైపు చూడలేదు. "నూటికి తొంభై ఏడు, దేంట్ల?" అంది.

 ఆమె ప్రొటీన్లు శుద్ధి చేసే మనిషి కాదు. అయినా గీత కింద ఏ అంకె ఉందని సూటిగా అడిగింది. రహీమ్ సాబ్ ఫైల్లోంచి కాగితపు ముక్కలున్న కవరు తీశాడు. కత్తిరించిన కొండలను అందులోనే దాచేవాళ్లం. పెద్ద కొండను బల్ల మీద పరిచాడు. భుజం స్పష్టంగా కనబడుతోంది. లోయ దగ్గర నేను గీసి వదిలేసిన పెన్సిల్ గీత కూడా కనబడుతోంది. చెరపడం మరిచిపోయాను.

ఆయన ఆ గీత మీద వేలు పెట్టాడు. డాక్టరమ్మను అక్కడే కూర్చోమని చెప్పి, నాతో "పైకి పోదాం పా," అన్నాడు.

పైన కిషన్ సేఠ్ ముందుగా తలుపు వేయించాడు. "ఎవలు కోసిన్రు గిది?"

"నా సంతకం ఉంది. నేనే," అన్నాడు రహీమ్ సాబ్.

"లేదు సేఠ్‌జీ, నేనే కోసిన," అన్నాను. "తెలిసే కోసిన. ఎనభై తొమ్మిది ఉండె. తొంభై ఏడు రాసిన."

సేఠ్ ఆ కాగితపు ముక్కను కవర్లో పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఐదుగురే గదా. బ్యాచ్ అంతా వాపస్ తెప్పిస్తే శహర్ అంత లొల్లి అయితది. డాక్టరమ్మకు వేరే సీసాలు ఇయ్యుండ్రి."

"వాపస్ తెప్పియ్యకుంటే రేపటి సంది నేను రాను," అన్నాడు రహీమ్ సాబ్. గొంతు పెంచలేదు. ఆయన లేకుండా ఆ కాలమ్‌ను సరిగ్గా నింపగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరని సేఠ్‌కు తెలుసు. నీతికి లొంగాడో, కాలమ్‌కు లొంగాడో నేను చెప్పలేను. బ్యాచ్ వెనక్కి వచ్చింది.

కిందికి దిగుతూ మెట్ల మీద రహీమ్ సాబ్ ఆగాడు. "నువ్వు కోసినవ్, సరే. నేను ఈ ముక్కలు చూడకుండ సంతకం పెట్టిన. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న అని గుడ్డిగ పెట్టిన. నీది మొదటి తప్పు, నాది ఎన్నోదో నాకే తెల్వది."

ఆయన నన్ను క్షమించాడని చాలామంది అనుకుంటారు. క్షమించలేదు. ఏడాదిపాటు కత్తెర నా చేతికి ఇవ్వలేదు.

వెనక్కి వచ్చిన సీసాను మళ్లీ చిన్న కాలమ్ మీద నడిపి, భుజం దగ్గరి ట్యూబును అప్పుడు విడిగా పరీక్షించాం. ప్రొటీన్ దండిగా ఉంది, ఎంజైమ్ పని దాదాపు లేదు. అంటే అది ఎంజైమ్ కాదు, గొర్రెపోతుది ఇంకేదో ప్రొటీన్. వాపులకు అదే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. రుజువు చేయలేదన్న మాటను సేఠ్ చాలా ఏళ్లు వాడుకున్నాడు.

గౌస్ మియా

వాపు వచ్చిన ఐదుగురిలో ఒకాయన పేరు గౌస్ మియా. లాడ్ బజార్‌లో లక్క గాజులకు రాళ్లు అతికే పనివాడు. అరవై దాటిన మనిషి. ఆయన్ను చూసి రమ్మని నన్ను రహీమ్ సాబే పంపాడు. ఎందుకని అడిగితే, "నువ్వు అంకెలు మస్తు చూసినవ్. మనిషిని చూడు," అన్నాడు.

నేను వెళ్లేసరికి ఆయన దుకాణం వెనక గదిలో కూర్చుని ఉన్నాడు. కుడికన్ను రెప్ప ఇంకా ఉబ్బి ఉంది, పండిన రేగుపండులా. వేడి రేకు మీద మెత్తబడిన లక్క, పక్కన పళ్లెంలో ఆవగింజలంత అద్దపు రాళ్లు. ఎడమకంటితో చూసుకుంటూ ఒక్కొక్క రాయి తీసి గాజుకు నొక్కుతున్నాడు. మూడోది వంకరగా పడింది. తీసి మళ్లీ పెట్టాడు.

నేనెవరో చెప్పాను. ఆ మందు మా దగ్గర తయారైందని, తప్పు నాదని చెప్పాను. తిడతాడని సిద్ధపడి వెళ్లాను.

"ఏం తప్పు అయిందమ్మా?" అని అడిగాడు.

"మందుల వేరేది కలిసి ఉండె. స్వచ్ఛత తొంభై ఏడు అని రాసిన. నిజానికి ఎనభై తొమ్మిది."

ఆయన ఆలోచించాడు. "నూటికి ఎనభై తొమ్మిది అంటే మంచిదే గద. నా మనవడికి గన్ని మార్కులు వస్తే మొహల్లా అంత మిఠాయి పంచుత."

 ఎనభై తొమ్మిది నిజంగానే చెడ్డ అంకె కాదు. అలాగే రాసి ఉంటే ఆ బ్యాచ్‌ను మళ్లీ కాలమ్‌లో పోసి బాగుచేసేవాళ్లం. అది ఆయన కంట్లోకి వచ్చేదే కాదు. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన తల ఊపాడు, అర్థమైందో లేదో తెలియదు.

"రెండు వారాల సంది మోటు గాజులే చేస్తున్న," అన్నాడు. "సన్న పని ఇస్తలేరు. రాళ్లు వంకర వస్తున్నయని." కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. తర్వాత నాకు చాయ్ తెప్పించాడు. తప్పు చేసినదాన్ని నేను, చాయ్ పోసింది ఆయన. వద్దనలేక తాగాను. 

నెల తర్వాత ఆయనకు ఆపరేషన్ అయింది, చూపు బాగా వచ్చిందని డాక్టర్ నఫీసా కబురు పంపింది. నేను ఆ వీధికి మళ్లీ వెళ్లలేదు. గాజులు కావాలంటే వేరేచోట కొనుక్కున్నాను.

సేఠ్ గారి కన్ను

రహీమ్ సాబ్ రిటైరయ్యాక విభాగం నా చేతికి వచ్చింది. కంప్యూటర్లు వచ్చాయి. కత్తెర అల్మారాలోకి పోయింది. కొత్తగా చేరేవాళ్లు కంప్యూటర్ అబద్ధం చెప్పదంటారు. భుజం ఎక్కడ తెగాలో దానికీ మనిషే చెబుతాడు. కత్తెర పట్టినప్పుడు కనీసం చెయ్యి వణికేది. మౌస్ పట్టిన చెయ్యి వణకదు.

నేను ప్రతి ఏడాదీ ఒకటే అడిగేదాన్ని. చివర్లో ఇంకో కాలమ్ పెడదాం, భుజం పూర్తిగా విడిపోతుంది అని. సేఠ్ ప్రతి ఏడాదీ ఒకటే అడిగేవాడు. యీల్డ్ ఎంత తగ్గుతది? దిగుబడిని ఆయన అలాగే అనేవాడు. నలభై చిల్లర వస్తుందనేదాన్ని. "చూద్దాం," అనేవాడు. ఇరవై ఏళ్లు చూశాం. పద్ధతి ప్రకారం సరుకు నియమాలకు లోబడే ఉంది కాబట్టి నేనూ గట్టిగా పోట్లాడలేదు. అది నా రెండో తప్పు, కానీ దానికి ఫైలు లేదు.

ఒక రోజు నన్ను పైకి పిలిచాడు. తానే లేచి తలుపు వేశాడు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి.

"పద్మా, నా కండ్లల్ల శుక్లాలు వచ్చినయ్. నఫీసా డాక్టర్ ఆపరేషన్ చేస్తనంటుంది. మత్తుల మన మందే కలుపుతదట."

"అవును సేఠ్‌జీ. ఆమె మనదే వాడుతది."

ఆయన బల్ల మీద ఉన్న పెన్ను అటూ ఇటూ జరిపాడు. "నా కోసం అలగ్‌గ ఒక చిన్న బ్యాచ్ చెయ్యి. నడిమిట్ల ట్యూబులు రెండే తీస్కో. మిగిలిందంత పారెయ్."

"దిగుబడి ఇరవై గూడ రాదు."

"యీల్డ్‌తోని ఏం పని?" అన్నాడు కిషన్ సేఠ్. ఆ మాట ఆయన నోట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూడాల్సి వచ్చింది. "నూటికి నూరు ఉండాలె, సమజ్ అయిందా?"

"నూటికి నూరు ఎక్కడా ఉండదు, సేఠ్‌జీ. మనం కొలిచేదాంట్ల నూరు రావొచ్చు. మనం కొలవనిది ఏముందో ఎవరికి తెలుసు?"

 ఇరవై ఏళ్లుగా ఈ మాట ఆయనకు రిపోర్టుల్లో రాసి ఇస్తూనే ఉన్నాను. ఇప్పుడు తన కంట్లోకి పోయే మందు గురించి విన్నాడు.

"అలగ్ బ్యాచ్ నేను చెయ్యను," అన్నాను. "చేస్తే రిజిస్టర్‌ల రాయాలె. ఇది సేఠ్‌జీకి, అది జనానికి అని. ఆ పేజీ మీద మీరు సంతకం పెడ్తరా?"

పెన్ను సొరుగులో వేశాడు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను, ఉద్యోగం ఇంకా ఎన్నేళ్లుందో మనసులో లెక్కేసుకున్నాను. కానీ ఆయన వేరే లెక్కలో ఉన్నాడు.

"ఆ రెండో కాలమ్ అంటుంటివి గద. తెప్పిస్తే ఎన్ని దినాలల్ల నడుస్తది?"

"అన్ని పరీక్షలు అయ్యేసరికి ఆర్నెల్లు."

"అయితే ఆర్నెల్లు ఆగుత," అన్నాడు.

నిజంగానే ఆగాడు. ఆ ఆరు నెలలూ కాగితాలు ముక్కుకు ఆనించుకుని చదివాడు, మెట్లు గోడ పట్టుకుని దిగాడు, ఒకసారి నన్ను అకౌంటెంట్ అనుకుని పది నిమిషాలు తిట్టాడు. వేరే కంపెనీ మందు వాడించుకోవచ్చు కదా అని ఎవరో సలహా ఇస్తే, వాళ్ల కాలమ్ సంగతి మనకేం తెలుసు అన్నాడట. ఇరవై ఏళ్ల నా రిపోర్టులు చేయలేని పని ఆయన కంటిలోని పొర చేసింది. బాధపడాలో సంతోషపడాలో తెలియక, రెసిన్ ఆర్డర్ మీద వెంటనే సంతకం చేయించుకున్నాను. ఆయనకు సంతకం పెట్టే చోటు కనబడలేదు. నేను వేలు పెట్టి చూపించాను.

కొత్త కాలమ్ నుంచి వచ్చిన మూడో బ్యాచ్ అందరికీ పోయినట్టే డాక్టర్ నఫీసా ఆసుపత్రికీ పోయింది. అందులోదే ఒక సీసా ఆయనకు వాడారు. అదే వారం ఆ ఆసుపత్రిలో ఇంకెంతమందికి వాడారో నాకు తెలియదు. ఎవరికీ వాపు రాలేదని మాత్రం తెలుసు.

ఆపరేషన్ అయిన పదిహేను రోజులకు ఆయన ఆఫీసుకు వచ్చాడు. నేను నెల రిపోర్టు పట్టుకుని పైకి వెళ్లాను. దిగుబడి నలభై ఒకటి. కంపెనీ మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎప్పుడూ రాలేదు. జవాబులు నాలుగు మనసులో సిద్ధం చేసుకున్నాను.

ఆయన కాగితాన్ని మామూలు దూరంలో పట్టుకుని, కళ్లద్దాలు లేకుండానే, పై నుంచి కింది దాకా చదివాడు. నలభై ఒకటి దగ్గర ఆగాడు. పెదవి కదిలింది. మిగిలింది ఏడికి పోయిందని అడుగుతాడని ఎదురుచూశాను. ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టి, "కూసో పద్మా, చాయ్ చెప్త," అన్నాడు.